హోరులో చెప్పుకున్న మాట

జనవరి 11, ఆదివారం

ఈ రోజు మందిరంలో నా పళ్ళు నన్ను చూసి నవ్వాయి.

నా నోట్లోవి కావు, నేను చేసినవి. పోయిన నెలలో ఎవరికో పై వరసకి నాలుగు ముందు పళ్ళు చేశాను. అందులో ఒకదాన్ని పిసరంత వంకరగా పేర్చమని డాక్టరు చీటీలో రాశాడు, పేషెంటు పాత ఫొటోలో అలాగే ఉందట. ఇరవై ఏళ్ళుగా ల్యాబులో కూర్చుని కట్టుడు పళ్ళు చేస్తున్నాను గానీ మా అత్తయ్యవి తప్ప మిగతావి ఎవరి నోట్లోకి వెళ్తాయో నాకెప్పుడూ తెలియదు. డాక్టరు నోటి అచ్చు పంపిస్తాడు, నేను పళ్ళు పంపిస్తాను. మధ్యలో మొహాలుండవు. అలాంటిది ఈ రోజు ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పాస్టరుగారు ఒక కొత్తాయనకి చెయ్యి కలిపి "వందనాలండి" అన్నారు. ఆయన నవ్వాడు. ఆ వంకర చూడగానే నేను మెట్టు మీదే ఆగిపోయాను. వెనకాల వస్తున్నావిడ నా చెప్పు తొక్కింది.

పళ్ళు నావే, నవ్వు మాత్రం ఆయనది. నా పనికి అంత మంచి నవ్వు దొరుకుతుందని నేననుకోలేదు.

ఊరికి కొత్తట. ప్రింటింగు ప్రెస్సులో మెషిన్ నడుపుతాడట. ఆ మెషిన్ హ్యాండిల్ తగిలి పళ్ళు పోయాయట, దాని మోతకే చెవులూ దెబ్బతిన్నాయట. కుడి చెవి వెనక చిన్న యంత్రం పెట్టుకుంటాడు. భార్య పోయి ఆరేళ్ళట. నేను మెట్లు దిగేలోపు ఇన్ని 'అట'లు నా చెవిన పడ్డాయంటే మా సంఘం ఆడవాళ్ళ చలవ. ఒక్కరి నోట్లోనూ నువ్వుగింజ నానదు.

అసలు ఈ రాత ఎందుకు మొదలుపెట్టానో రాయాలి. నిన్న స్త్రీల కూటంలో పాస్టరమ్మగారు చెప్పింది, మనసుకి ఒక గేటుంటుంది, దానికి మనమే కాపలా, ఏ ఆలోచన వచ్చినా "ఎవరు నువ్వు, ఎవరితో పని" అని అడిగి గానీ లోపలికి వదలకూడదు అని. నాకు భలే నచ్చింది. ఈ రోజు నుంచే కాపలా మొదలు. మామూలుగానైతే ఇవన్నీ ప్రార్థనలో దేవుడికి పైకే చెప్పుకునేదాన్ని, నాకు మనసులో ప్రార్థన కుదరదు. కానీ మా ఇంట్లో అత్తయ్య మంచానికీ నా మంచానికీ మధ్య ఒక అల్మారాయే అడ్డం. ఆవిడవి ఇప్పటికీ పాము చెవులు. అందుకని రాసుకుంటున్నాను.

మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. సమాధి దగ్గర అత్తయ్య చెయ్యి పట్టుకుని "మీరున్నంతకాలం మీతోనే ఉంటాను" అన్నాను. ఉన్నాను. నాకేం లోటు లేదు. అత్తయ్య ఆరోగ్యం బాగుంది. స్తోత్రం.

జనవరి 12

కాపలా బ్రహ్మాండంగా సాగుతోంది. రోజంతా ఒక్క పిచ్చి ఆలోచన రాలేదు. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు తప్ప. బస్సులో తప్ప.

జనవరి 14

ల్యాబులో పాత అచ్చుల్ని కొన్నాళ్ళు ఉంచుతాం, పళ్ళు సరిగ్గా కుదరలేదంటే మళ్ళీ చూసుకోవడానికి పనికొస్తాయి. ఆయనది కిటికీ పక్క అరలో ఉంది. తీసి చూశాను. పని కోసమే. కుడివైపు దవడ పన్ను ఒకటి బాగా అరిగింది. నిద్రలో పళ్ళు కొరికే మనిషి. ఏదో దిగులుంది పాపం.

ఎదుటి బల్ల దగ్గర పాలిష్ పట్టే అమ్మాయి తలెత్తి, "ఏంటక్కా, ప్లాస్టరు ముక్కని చూసి నవ్వుకుంటున్నావు?" అంది.

"నవ్వడం లేదు. కొలత చూస్తున్నాను."

"కొలత చూస్తే చెవుల దాకా ఎర్రబడుతుందా?"

ఈ కాలం పిల్లలకి పెద్దాచిన్నా లేదు. అచ్చుని అరలో పెట్టేశాను. అర తలుపు కూడా వేశాను. ఇదీ కాపలా అంటే.

జనవరి 16, శుక్రవారం

శుక్రవారం ప్రార్థన లేకపోతే నేనేమైపోయేదాన్నో.

పాస్టరుగారు "అందరూ ఏకంగా స్వరాలెత్తండి" అనగానే మందిరం మొత్తం ఒక్కసారి లేస్తుంది. మైకులో ఆయన, వెనక కీబోర్డు, నూటయాభై గొంతులు ఎవరి కష్టం వాళ్ళు దేవుడికి అరిచి చెప్పుకుంటుంటే పక్కనున్న మనిషి మాట పక్కవాళ్ళకి వినబడదు. బయటివాళ్ళు చూస్తే పిచ్చివాళ్ళ సంత అనుకుంటారు. నాకు మాత్రం అంత ఏకాంతం ఇంకెక్కడా దొరకదు. ఇంట్లో అల్మారా చాటున గుసగుసగా కూడా అనలేని మాట అక్కడ గొంతు చించుకుని అనొచ్చు. ఎడమపక్కన అత్తయ్య కూర్చుని ఉన్నా సరే.

ఈ రోజు కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, నా కాపలా నువ్వే చూడు, ఆ మనిషి నవ్వు గేటు దగ్గర తచ్చాడుతోంది" అని చెప్పేశాను. రెండుసార్లు చెప్పాను. గుండె మీంచి గోనెసంచి దించినట్టుంది. ఇంటికొచ్చేటప్పుడు పాట పాడాను. అత్తయ్య "ఏంటి ఇంత హుషారు?" అంది. ఆత్మానందం అన్నాను. అబద్ధం కాదు కదా.

జనవరి 21

వచ్చాడు. ల్యాబుకి. ఆయనే.

చిగురు దగ్గర ఒరుసుకుంటోందని డాక్టరు నేరుగా మా దగ్గరికే పంపించాడు. నేను బల్ల దగ్గర చేతుల నిండా ప్లాస్టరుతో ఉన్నాను, జుట్టు మీద కూడా పడి ఉంటుంది. "ఈ పళ్ళు చేసిందెవరండి?" అని అడిగితే పాలిష్ అమ్మాయి, దాని నోరు పడిపోను, నావైపు చెయ్యి చూపించి, "మా అక్కే, ఎంతో ఇష్టంగా చేసింది" అంది.

నీలం కాగితం పళ్ళ మధ్య పెట్టి కొరకమన్నాను. ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ మరక పడుతుంది, అక్కడ అరగదీస్తాం. ఇరవై ఏళ్ళలో వేలసార్లు చేసిన పని. ఈ రోజు అరగదీసే పనిముట్టు చేతిలో పెట్టుకునే బల్లంతా వెతికాను. ఆయన చూసి ఉండడు.

"ఇవి కట్టుడు పళ్ళంటే మా అక్కే నమ్మలేదండి. ఈ వంకర మా అమ్మది. నాకూ అదే వచ్చింది. పోయిందనుకున్నాను, మీరు తెచ్చిచ్చారు" అన్నాడు.

"మెత్తని బ్రష్షుతో కడగండి. వేడినీళ్ళలో వేయకండి" అన్నాను. ఇంత జీవితం చూసిన మనిషిని, నాకు దొరికిన మాట అదీ.

ఆయన కుడి చెవి నావైపు తిప్పి, "ఏంటన్నారు?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. నవ్వాడు. వేడినీళ్ళ గురించి విని అలా నవ్విన మనిషిని నేను చూడలేదు.

కాపలా సంగతి ఏంటంటే, గేటు దగ్గర నిలబడే ఉన్నాను. ఆయన అక్కడికొచ్చి మర్యాదగా పలకరించాడు. సంఘంలో సహోదరుణ్ణి గేటు బయట ఎండలో నిలబెట్టడం మర్యాద కాదు. అందుకని నీడలోకి రమ్మన్నాను, అంతే. ఇంట్లోకి రమ్మనలేదు.

జనవరి 25, ఆదివారం

ఆరాధన అయ్యాక బస్టాపు దాకా మాతోనే నడిచాడు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి కదా, ఆవిడ అడుగుకి తన అడుగు కలిపి మెల్లగా నడిచాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనైంది. మా ఆయన ఎప్పుడూ పది గజాలు ముందుండేవాడు, మంచివాడే, కానీ ముందుండేవాడు.

బస్సెక్కాక అత్తయ్య, "ఆ పళ్ళాయనకి మనతో పనేంటి?" అంది.

"ఏం లేదత్తయ్యా. దారి ఒకటే."

"ప్రెస్సు అటువైపు కదా?"

ఆవిడకి కళ్ళు కూడా బాగా కనిపిస్తాయి. ఆరోగ్యం బాగుంది. స్తోత్రం.

జనవరి 30

ఈ శుక్రవారం కూడా గొంతు పోయింది. ప్రాణం హాయిగా ఉంది.

ఫిబ్రవరి 5

ఈ రోజు అక్షరాలు చూస్తే ఎవరో బస్సులో కూర్చుని రాసినట్టున్నాయి.

మందిరంలో పాటల కాగితాలు అయిపోయాయి, ఎవరైనా ప్రెస్సుకి వెళ్ళి తేవాలని పాస్టరమ్మగారు అనగానే నా చెయ్యి దానంతటదే లేచింది. నేనెత్తలేదు.

ప్రెస్సంటే పొడుగాటి షెడ్డు. లోపలికి అడుగుపెడితే మెషిన్ దడదడకి నేల కూడా కాళ్ళకింద వణుకుతోంది. ఇంకు వాసన, తడి కాగితం వాసన. ఒక పక్క బల్లల దగ్గర నలుగురు కూర్చుని కాగితాలు మడతపెడుతున్నారు. ఆయన మోచేతుల దాకా నల్లగా ఉన్నాడు. నన్ను చూడగానే గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, తుడిచినా నల్లగానే ఉన్నాయి. కాగితాల కట్ట కట్టి తాడు ముడేస్తూ, నావైపు చూడకుండా చెప్పాడు. వేరే ఊళ్ళో పెద్ద ప్రెస్సు వాళ్ళు రమ్మంటున్నారట. నెలాఖరులోపు ఏదో ఒకటి తేల్చి చెప్పాలట.

"మరి వెళ్తారా?"

"ఇక్కడ ఉండిపోవడానికి కారణం ఏదైనా ఉంటే ఉంటానండి. ఊరికే ఉండమంటే మాత్రం, ఉండడానికి నాకిక్కడ ఎవరున్నారు?" అన్నాడు. అప్పుడు చూశాడు నావైపు.

నేనేమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది. "మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులండి" అన్నాను. కట్ట చంకలో పెట్టుకుని వచ్చేశాను. బస్సు ఎక్కాక నా స్టాపు దాటిపోయి ఇంకో రెండు స్టాపులు వెళ్ళాను.

ఫిబ్రవరి 7

అత్తయ్యని డాక్టరుకి చూపించాను. బీపీ లేదు, షుగర్ లేదు, గుండె గడియారంలా కొట్టుకుంటోందట. "మీ అత్తగారు నూరేళ్ళు ఉంటారమ్మా, రాసిస్తాను" అన్నాడు. అత్తయ్యకి డెబ్భై రెండు.

స్తోత్రం.

ఫిబ్రవరి 10

ఆ మాట ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. వెనక్కి తిప్పి చూసుకున్నాను, ఎక్కడా లేదు. రాయను కూడా. సహోదర భావం. అంతే.

ల్యాబులో పై వరసకి కింద పళ్ళు పేర్చాను. పళ్ళు గుచ్చిన మైనం మొత్తం కరిగించి మళ్ళీ మొదటినుంచి చేశాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

అందరికంటే గట్టిగా ప్రార్థన చేశాను. ఆ మాట చెప్పేశాను దేవుడికి, పేరుపెట్టి మరీ చెప్పాను. హోరు చల్లగా నెత్తిమీంచి పోతూ ఉంటే చెప్పుకోవడానికి ఎంత బాగుంటుందో. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, పాలు అంత తియ్యగా ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది.

ఇంకో మాట కూడా అన్నాను. అది రాయక్కర్లేదు, దేవుడికి తెలుసు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఏమీ రాయను.

ఫిబ్రవరి 21

రాస్తాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

నిన్న ప్రార్థన మంచి జోరు మీద ఉండగా కరెంటు పోయింది. మైకు ఆగింది, కీబోర్డు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. జనం ఉలిక్కిపడి ఒక్కసారి నోళ్ళు మూశారు. నేను మూయలేదు. తల వంచి, రెండు చేతులూ చెవులకి ఆనించుకుని, ఒళ్ళు మరిచిపోయి ఉన్నాను. నా గొంతు ఒక్కటే ఆ హాలంతా మోగింది.

"ప్రభువా, ప్రెస్సాయన మీద నాకున్నది సహోదర భావం కాదు. ప్రేమ. ఆయన వెళ్ళిపోతే నేను బతకగలను గానీ నవ్వలేను" అన్నాను.

మొత్తం వినబడింది. వెనక వరసలో పసిపిల్ల ఎవరో "అమ్మా, ప్రేమట" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వాపుకోలేక దగ్గారు. నేను కళ్ళు తెరిచేసరికి నూటయాభై మంది, కొందరు నావైపు, కొందరు మగవాళ్ళ వైపు మూడో వరసలోకి చూస్తున్నారు. అక్కడ ఆయన ఒక్కడే కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, ప్రశాంతంగా ప్రార్థన చేసుకుంటున్నాడు. హోరులో ఆ చెవి యంత్రం కీచుమంటుందని తీసి జేబులో పెట్టుకుంటాడట. కాసేపటికి కళ్ళు తెరిచి, అందరూ తనవైపే చూస్తుంటే, వందనాలు చెప్తున్నారనుకుని నవ్వాడు. నేను చేసిన నాలుగు పళ్ళూ కనిపించేలా.

ఊరంతా విన్నారు. ఆయనొక్కడే వినలేదు.

అంతే జరిగింది. అంతకంటే ఏమీ లేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

అంతకంటే ఉంది.

ఈ రోజు మందిరానికి వెళ్ళలేదు. అత్తయ్య కూడా వెళ్ళలేదు. శుక్రవారం ఇంటికొచ్చి పళ్ళు తీసి కప్పులో పడేసింది, ఇంతవరకూ పెట్టుకోలేదు. ఆ పళ్ళు నేను చేసినవే. అవి లేకపోతే ఆవిడ మాట ఒక్కటి కూడా అర్థం కాదు, అందుకే తీసేసింది. నాతో మాట్లాడనని చెప్పడానికి ఆవిడకి అంతకంటే మంచి దారి లేదు. పాలలో రొట్టె నానబెట్టుకుని అటు తిరిగి తింటోంది. నేను పలకరిస్తే గోడ వైపు చూస్తుంది. కప్పులోంచి ఆ పళ్ళు మాత్రం నావైపే చూస్తున్నాయి.

నిన్న సగమే రాశాను. రెండో సగం ఇది. కరెంటు పోయాక మొదటి మాటతో నేను ఆగలేదు. ఆ తర్వాత, "అత్తయ్య ఉన్నంతకాలం అని మాటిచ్చాను. ఇంకా ఎంతకాలం ప్రభువా?" అన్నాను.

ఇంకా ఎంతకాలం.

పక్కన కూర్చుని ఉంది ఆవిడ. నా మోచెయ్యి ఆవిడ భుజానికి తగులుతూనే ఉంది.

వారాల తరబడి ఈ గేటు దగ్గర కాపలా కాశాను కదా, ఆయన నవ్వొస్తే ఆపాను, ఆయన నడకొస్తే ఆపాను. ఇది ఎటునుంచి వచ్చిందో నాకు తెలియలేదు. లేదు, తెలుసు. రాలేదు, లోపలే ఉంది. డాక్టరు నూరేళ్ళన్నప్పుడు ఇంకా ఇరవై ఎనిమిది అని మనసులో లెక్కేశాను, ఇక్కడ స్తోత్రం అని రాశాను. ఎన్ని స్తోత్రాలు రాశానో చూసుకుంటే నాకే భయమేస్తోంది.

సాయంత్రం పాస్టరమ్మగారు వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా వంటగదిలోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"నన్ను సంఘంలోంచి తీసేస్తారా అమ్మగారూ?"

"ప్రేమించావని తీసేస్తే పెళ్ళిళ్ళెవరికి చేయాలి?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "రెండో మాటే చిక్కు. అది నువ్వు మీ అత్తయ్యతో తేల్చుకోవాలి, నాతో కాదు" అంది.

"మీరు చెప్పినట్టే కాపలా కాశానమ్మా. నిజంగా కాశాను."

"కాపలా అంటే దొంగని లోపల పెట్టి తాళం వేసుకోవడం కాదే తల్లీ. వాడెవడో ముందు మొహం చూడాలి. నువ్వు దేవుడికి కూడా హోరు చాటునే చెప్పావు. నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక్కసారైనా ఆ మాట అని చూసుకున్నావా?"

లేదు. అని ఉంటే నాకే వినబడేది.

ఫిబ్రవరి 23

పొద్దున లేచేసరికి కప్పు ఖాళీగా ఉంది.

అత్తయ్య పళ్ళు పెట్టుకుని, తల దువ్వుకుని, మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాను. నోరు తెరవబోతే చేత్తో ఆపింది.

"ముందు నేను. మూడు రోజులనుంచి కూడబెట్టుకున్నాను" అంది. "ఎంతకాలం అని అడిగావు."

"అడిగానత్తయ్యా. మీరు పోవాలని కాదు..." అన్నాను. అక్కడ ఆగాను. మళ్ళీ చెప్పాను. "కాదు. ఆ క్షణంలో అదే. మీరు లేకపోతే నాకు దారి దొరుకుతుందనే అనిపించింది. తప్పు. మీకు ఏమైనా అయితే నేను తట్టుకోలేను, అదీ నిజమే. రెండూ నిజమే."

ఆవిడ వంగి నా మొహంలోకి చూసింది. నేను తల దించుకోలేదు.

"ఘోరం చేసినట్టు మొహం పెట్టకు. నేనూ ఆ హోరులోనే కూర్చుంటాను కదా. తొమ్మిదేళ్ళుగా నేనేం అడుగుతున్నానో తెలుసా? నా కోడలి మీద ఎవరి కన్నూ పడకూడదు ప్రభువా, దాని మనసు ఎటూ పోకూడదు, నన్ను వదిలి పోకూడదు. ప్రతి శుక్రవారం ఇదే. నీ పక్కనే కూర్చుని, గొంతు చించుకుని."

నేను ఆవిడ మోకాలు పట్టుకున్నాను. ఆవిడ ఆగలేదు.

"నీకు ముప్పై అయిదప్పుడు మా అన్నయ్య ఒక సంబంధం తెచ్చాడు. నీదాకా రానివ్వలేదు. నువ్వు ఒప్పుకోలేదని చెప్పి పంపించేశాను" అంది. "నీ మాట ఒక్కసారి బయటికి వినబడింది. నాది వినబడలేదు. అంతే తేడా."

ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఏడుస్తుంటే మధ్యలో నవ్వొచ్చింది, ఆవిడకీ వచ్చింది. తొమ్మిదేళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకరి మీద ఒకరం దేవుడికి అర్జీలు పెట్టుకున్నాం. ఆయన ఎంత ఓర్పుతో విన్నాడో.

కళ్ళు తుడుచుకున్నాక ఆవిడ మళ్ళీ నిటారుగా కూర్చుంది.

"నాకిష్టం లేదు, ముందే చెప్తున్నాను. మావాడి చోట ఇంకొకడు కూర్చుంటే చూడ్డం నాకు కష్టమే. పైకి స్తోత్రం అని లోపల పళ్ళు నూరుకోవడం ఇక నా వల్ల కాదు. పళ్ళు అరిగిపోతే మళ్ళీ నువ్వే చేయాలి."

"మీకిష్టం లేకపోతే వద్దత్తయ్యా."

"మళ్ళీ అబద్ధం మొదలుపెట్టావా? ఇష్టం లేదన్నాను, వద్దనలేదు. కొన్నాళ్ళు మూతి ముడుచుకుంటాను, మీరిద్దరూ భరించండి. నేనున్నంతకాలం నాతోనే ఉంటానన్నావు, ఆ మాట మాత్రం నేను వదలను. ఆయన్ని ఆ మాటలోకి రమ్మను. కుదరదంటే ఏ ఊరికి పోతాడో పొమ్మను."

నేను కదలకపోయేసరికి, "ఇంకా ఇక్కడే కూర్చున్నావేం? మందిరం అంతా విన్నది, వినాల్సినవాడు తప్ప. ఊళ్ళో వాళ్ళెవరో చెప్పేలోపు నువ్వే వెళ్ళి చెప్పు" అంది.

ఫిబ్రవరి 24

నిన్న ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ప్రెస్సు వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. అత్తయ్య తలుపు తీసి నా మొహం చూసి, మళ్ళీ తలుపు వేసింది. నేను బయటే ఉన్నాను. చాలాసేపటికి గానీ తీయలేదు.

ఫిబ్రవరి 25

వెళ్ళాను. ల్యాబుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను.

మెషిన్ ఆడుతోంది. నన్ను చూసి ఆయన గుడ్డ వెతుక్కున్నాడు. నేను ఆగితే మళ్ళీ మలుపు దాకా పరిగెడతానని తెలుసు, అందుకని నిలబడ్డ చోటునుంచే గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. మొదటి మాట, రెండో మాట, అత్తయ్య మాట, అన్నీ. చెప్పడం అయ్యాక ఎంత హాయిగా అనిపించిందో.

ఆయన నా పెదవుల వైపే చూస్తున్నాడు. తర్వాత వెళ్ళి మెషిన్ ఆపాడు. అది దడదడమని, దడమని, ఆగింది. చెవి వెనక యంత్రం సరిచేసుకుని, కుడివైపు నా దగ్గరికి తిప్పాడు.

"ఏమీ వినబడలేదండి. ఇప్పుడు చెప్పండి."

హోరు చూసుకుని మళ్ళీ అదే పని చేశాను. ఆయనకి వినబడదని తెలిసే కదా మెషిన్ ఆడుతుండగా చెప్పాను.

చేదు మాటే ముందు చెప్పాలనుకున్నాను. "శుక్రవారం కరెంటు పోయినప్పుడు నేను రెండు మాటలన్నానండి. అందరూ విన్నారు, మీరు తప్ప. రెండోది ముందు చెప్తాను. మా అత్తయ్య ఇంకా ఎంతకాలం ఉంటుందని దేవుణ్ణి అడిగాను."

ఆయన మొహంలో నవ్వు పోయింది. అది పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఒక మాట కలిపితే మళ్ళీ వస్తుందేమో అనిపించింది, కలపలేదు.

"ఆవిడ విన్నారా?"

"పక్కనే ఉంది."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"మాట్లాడుకున్నాం. ఇద్దరం ఏడ్చాం. ఆవిడకి ఇష్టం లేదట, వద్దని మాత్రం అనలేదు. ఆవిడున్నంతకాలం నేను ఆవిడతోనే ఉండాలి. ఎవరొచ్చినా ఆ ఇంట్లోకే రావాలి, కొన్నాళ్ళు ఆవిడ ముడుచుకున్న మూతి చూడాలి."

ఆయన కిందికి చూస్తూ చేతుల ఇంకు తుడుచుకున్నాడు. అది పోదని ఇద్దరికీ తెలుసు.

"మా ఇంటికొస్తే ఆవిడ మిమ్మల్ని తిడుతుంది కూడానండి" అన్నాను, ఇక దాచేదేముందని.

"నా ఎడమపక్కన కూర్చోమనండి. ఆ చెవి బొత్తిగా వినబడదు" అన్నాడు. నవ్వు తిరిగొచ్చింది, మెల్లగా, ఆ వంకర దగ్గర మొదలై. "ఇంతకీ మొదటి మాట ఏంటండి? ఎవరినడిగినా నవ్వుతున్నారు గానీ చెప్పడం లేదు."

మెషిన్ ఆగి ఉంది. కాగితాలు మడతపెట్టే నలుగురూ చేతులాపి చూస్తున్నారు. బయట వీధిలో కూడా ఆ సమయానికి ఒక్క బండి పోలేదు. సూది పడితే వినబడేలా ఉంది. అదంతా చూసుకునే, కళ్ళు తెరుచుకునే చెప్పాను. ఆయనకి వినబడేంత గట్టిగా చెప్పాను.